గజా కాదు, భజా

రాయగడ
జూలై 4

అమ్మీ బిందూ,

క్షేమం సంగతి తర్వాత రాస్తాను, ముందు సంతోషం సంగతి. నువ్వు మాచ్‌ఖండ్ స్కూల్లో టీచరుగా చేరి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఈ పదకొండు రోజుల్లో నేను ఈ మాట చెప్పని మనిషి రాయగడ బజార్లో ఉన్నాడంటే వాడు ఊళ్ళో లేనివాడే అయి ఉండాలి. నిన్న పసుపు కొనడానికి వచ్చినావిడకి పొట్లం కట్టడం మరిచిపోయి నీ సంగతంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "మీ అమ్మి మేస్టరమ్మ అయింది, సంతోషమే బాబూ. మరి నా పసుపేదీ?" అంది.

ఎదురు బట్టల కొట్టు రఘు నన్ను ఒకటే ఆటపట్టిస్తున్నాడు. "ఏటండీ ఎర్రయ్య గారూ, ఇయ్యాల ఎంతమందికి సెప్పేరు?" అని పొద్దున్నే మొదలెడతాడు. "నీకు మళ్ళీ సెప్పమంటావేటి?" అంటాను. "వద్దండి బాబూ, నాకు నోటికొచ్చేసింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు, జీవశాస్త్రం, గవర్నమెంటు పోస్టు" అని అప్పగించేస్తాడు.

ఫోను చెయ్యకుండా ఉత్తరాలేమిటని మీ అమ్మని అడిగావట. ఫోనులో నాకు సగమే వినబడుతుందమ్మా, అదీ తప్పుగా వినబడుతుంది. మొన్న నువ్వు వాన అన్నావట. నాకు వాంతి అని వినబడింది. రెండు పూటలు నాకు అన్నం సహించలేదు. ఉత్తరమైతే ఆ భయం లేదు. ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు, నలుగురికీ చూపించుకోవచ్చు.

నేను ఐదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణి. నాకు తెలిసిన సైన్సల్లా పుచ్చిన పప్పేదో, పుచ్చని పప్పేదో. కాబట్టి నువ్వేం చెప్పావు, పిల్లలేం అడిగారు, అన్నీ విడమరిచి రాయి. అక్కడ పిల్లలు నిన్ను 'గురుమా' అంటారటగా! ఆ మాట నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. మీ అమ్మ, "ఏటలా మీలో మీరే గొణుక్కుంటన్నారు, జపమేటి?" అంది. అవును, జపమే అన్నాను.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
నాన్న

మాచ్‌ఖండ్
జూలై 15

నాన్నా,

నీ ఉత్తరం చదివి బాగా నవ్వాను. తర్వాత కాస్త ఏడ్చాను. ఇది మాత్రం ఎవరికీ చూపించకు. రఘు మావకి అసలే వద్దు.

పవర్‌హౌసు కాలనీలో గది బాగానే ఉంది. పక్క క్వార్టరు కృష్ణవేణమ్మ గారు మన తెలుగువాళ్ళే, వద్దన్నా రోజూ కూర ఇస్తారు. హెడ్మాస్టరు ధనుంజయ సార్ నెమ్మదైన మనిషి. తిండికీ గదికీ ఏ లోటూ లేదు. లోటంతా క్లాసులోనే.

పిల్లలు నాతో మాట్లాడరు నాన్నా. ఏడో తరగతిలో ముప్పై ఎనిమిది మంది. రాయగడలో పుట్టి ఒడియా మీడియంలో చదివినదాన్ని, నాకు భాషతో ఇబ్బందేమిటి అనుకున్నాను. కానీ వీళ్ళ ఇళ్ళలో మాట్లాడేది దేశియా. నాది పుస్తకాల ఒడియా. గింజ మొలకెత్తడాన్ని 'అంకురోద్గమ' అంటాను. అందరూ నా నోటికేసి చూస్తారు. అర్థమైందా అంటే "అయింది గురుమా" అని పాటలాగా అంటారు. ఏం అర్థమైంది అంటే ఇక రేకుల మీద వాన చప్పుడే. ఇదే పిల్లలు వరండాలో గోరింకల్లా ఒకటే గోల. నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, నోళ్ళు కట్టేసినట్టు ఆగిపోతుంది.

ఈ పని నాకు రాదేమో నాన్నా. దసరా సెలవులకి వచ్చేటప్పుడు పెట్టె మొత్తం సర్దుకుని వచ్చేద్దామనుకుంటున్నాను. ధనుంజయ సార్‌కి ఇంకా చెప్పలేదు. ఆగస్టు ఇరవైన బ్లాకు ఆఫీసు నుంచి ఒక అధికారి నా పాఠం చూడ్డానికి వస్తారు. ఆ రోజు విత్తనాలు మొలకెత్తడం చూపించాలి. గ్లాసులో తడి దూది వేసి, దూదికీ గ్లాసుకీ మధ్య గింజ పెడితే మొలక బయటికి కనిపిస్తుంది. ఆ ఒక్కటీ పరువుగా చేసి, తర్వాత సార్‌కి చెప్పేస్తాను.

నిన్ను బజార్లో తలదించుకునేలా చేస్తున్నానేమో. కోప్పడకు.

బిందు

రాయగడ
జూలై 24

అమ్మీ,

కోపమా? నీ మీదా? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఒక్కసారి కూడా కోపం రాలేదు. మీ అమ్మకి చదివి వినిపిస్తే, "వచ్చెయ్యమనండి, నా బిడ్డకేటి తక్కువ" అంది. నేను మాత్రం రమ్మనను. నీకు ఆ పని రాదంటే నమ్మను. ఆరేళ్ళప్పుడు నాకు చీమ ఒళ్ళు ఎన్ని ముక్కలో చెప్పినదానివి నువ్వు.

ఉత్తరం ఎవరికీ చూపించలేదు. రఘు అడిగితే, "పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలేసి మా అమ్మిని ఊపిరాడనివ్వడం లేదట" అన్నాను. అబద్ధమే. దాన్ని నిజం చెయ్యడం నీ వంతు.

నాకు పాఠాలు తెలియవు గానీ మాట్లాడని మనుషులు తెలుసు. కొండల మీంచి వచ్చే ఆడవాళ్ళు కొట్టు ముందు నిలబడి ఎంతసేపైనా నోరు విప్పరు. నేను బతిమాలను. గింజలు గుప్పెడు తీసి చేతిలో పోస్తాను. అరచేతిలో అటూ ఇటూ కదుపుతారు, గోటితో నొక్కుతారు, ఇక మాటలే మాటలు. ఇది పాతది, ఇది నాసి, పోయిన వారం ఇంతకన్నా మంచిది ఇచ్చావు, అని నన్ను దులిపేస్తారు. నువ్వు కూడా వాళ్ళ చేతుల్లో ఏదైనా పెట్టి చూడు.

అందుకే రెండు కిలోల బొబ్బర్లు పార్సిలు చేశాను. మామూలు బొబ్బర్లనుకునేవు! కొట్టు మూసి, కూర్చుని, ఒక్కొక్కటీ ఏరాను. ఒక్క పుచ్చు లేదు, ఒక్క నొక్కు లేదు, అన్నీ ఒకే పోత పోసినట్టున్నాయి. చెయ్యవలసిన జాగ్రత్తలన్నీ నా చేత్తో చేసి మరీ పంపుతున్నాను. ఈ వానల్లో పార్సిలు ఎన్నాళ్ళు మూలిగినా పురుగు దాని మొహం చూడదు. నా కూతురి క్లాసులో నా సరుకు! అధికారి గారు చూస్తారు!

పోస్టాఫీసులో బరువు తూచినాయన లోపలేమిటని అడిగాడు. సైన్సు సామాను అన్నాను.

గర్వంతో
నాన్న

మాచ్‌ఖండ్
ఆగస్టు 12

నాన్నా,

పార్సిలు అందింది. ముప్పై ఎనిమిది గ్లాసులు పోగుచేశాం. నువ్వు చెప్పినట్టే ఎవరి గింజ వాళ్ళ చేతికే ఇచ్చాను. చాలా జాగ్రత్తగా పెట్టారు, మాట్లాడకుండానే.

అయిదు రోజులైంది. ఒక్కటీ మొలవలేదు. ముప్పై ఎనిమిదిలో ఒక్కటంటే ఒక్కటీ. గింజలు ఉబ్బి, జిగురెక్కి, వాసన వేస్తున్నాయి. రోజూ పొద్దున్నే పిల్లలు గ్లాసుల దగ్గరికి వెళ్ళి చూసి, నాకేసి చూసి, వెళ్ళి కూర్చుంటారు.

బొబ్బర్లు రెండు మూడు రోజుల్లో మొలవాలి. ఇవాళ మళ్ళీ కొత్తగా పెట్టాం. నాన్నా, ఈ గింజలకి ఏమైనా చేశావా? మందు కలిపావా? ఉన్నదున్నట్టు రాయి. అధికారి వచ్చేది ఇరవైన.

బిందు

రాయగడ
ఆగస్టు 16

అమ్మీ,

మందా! రామ రామ! పిల్లలు పట్టుకునే గింజలకి నేను మందు కలుపుతానా? ఒట్టు, ఏ మందూ లేదు.

అసలు ఆ కొండల మీద చలి ఎక్కువ కదా, గింజ ముడుచుకుని ఉంటుంది. నీళ్ళు కూడా పవర్‌హౌసు నీళ్ళాయె, వాటిలో బలం ఉంటుందో ఉండదో. దూది ఏ కొట్లో కొన్నారు? దూదిలో ఈ మధ్య చాలా మోసం జరుగుతోంది. గ్లాసులు కిటికీ దగ్గర పెట్టారా? గాలి తగిలి ఉంటుంది. గాలి తగలకపోయినా కష్టమే.

ఎందుకైనా మంచిది, అక్కడ సంతలో కొన్న బొబ్బర్లు కూడా నాలుగు వేసి చూడకూడదూ? మన సరుకు మంచిది కాదని కాదు సుమా. తోడుకి.

పక్కనుంచి మీ అమ్మ "సెప్పండి, సెప్పెయ్యండి" అని మోచేత్తో పొడుస్తోంది. ఏం చెప్పమంటోందో నాకు తెలియడం లేదు. నీ చీరల సంగతేమో.

తొందరలో
నాన్న

మాచ్‌ఖండ్
ఆగస్టు 21

నాన్నా,

సంత గురువారం. నీ ఉత్తరం నాకు అందింది శుక్రవారం. కాబట్టి తోడు దొరకలేదు.

నిన్న అధికారి వచ్చారు. సౌమ్యరంజన్ గారని, వయసు చిన్నదే, చేతిలో పెద్ద రిజిస్టరు. వెనక బెంచీ మీద కూర్చున్నారు. బల్ల మీద ముప్పై ఎనిమిది గ్లాసులు, రెండోసారి పెట్టినవి, అన్నీ చచ్చిన గింజలే. ఒక గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. చెప్పాలనుకున్నదంతా మరిచిపోయాను. ఎప్పుడూ పిల్లలు మాట్లాడరు, నిన్న నేనే మాట్లాడలేకపోయాను.

మూడో వరసలో లహరి అనే పిల్ల ఉంది. రెండు నెలల్లో దాని గొంతు నేను వినలేదు. అది లేచి, నా బల్ల మీది పొట్లంలోంచి పొడి గింజ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. పటుక్కున చప్పుడు. నమిలింది. నాకేసి కాదు, క్లాసుకేసి తిరిగి గట్టిగా అంది:

"గజా నాయ్, భజా!"

వీళ్ళ మాటలో గజా అంటే మొలక. భజా అంటే వేపుడు. మొలకా కాదు, ఏమీ కాదు, ఇది వేయించిన గింజ, అని! క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. నేను రెండు నెలలుగా అంకురోద్గమ, అంకురోద్గమ అంటున్నది వీళ్ళ నోట్లో రోజూ ఆడే గజాయేనట!

ఇక చూడాలి నాన్నా. అందరూ పొట్లం మీద పడ్డారు. పటుక్ పటుక్. "పచ్చి ఝుడుంగ పళ్ళకి విరగదు గురుమా, మా ఇంట్లో ఉన్నాయి, రేపు తెస్తాను" అని ఒకడు. ఝుడుంగ అంటే బొబ్బర్లే. "వేయిస్తే ఎందుకు చస్తుంది? ఎండలో పెడితే ఎందుకు చావదు?" అని ఇంకొకడు. "ఎంతసేపు వేయిస్తే చస్తుంది?" అని ముందు బెంచీ. "రంగు మారలేదే, వేయించినవాడు గట్టివాడు" అని లహరి. ఈ గింజలు ఎవరిచ్చారని అడిగారు. మా నాన్న అన్నాను. "పాపం, పళ్ళు లేవేమో, తినడానికి దాచుకున్నవి పంపేశాడు" అని వెనకనుంచి ఎవరో. అధికారి గారు కూడా ఒక గింజ కొరికి చూశారు. గంట కొట్టినా లేవలేదు. బయటికి వెళ్ళి ధనుంజయ సార్‌తో, "ఈ క్లాసు ఇంత గోల చేస్తుందని మీరు ముందే చెప్పొద్దా?" అన్నారట. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ తెలియదు. నాకు అక్కర్లేదు కూడా.

సోమవారం నుంచి అసలు ప్రయోగం. పిల్లలు ఇళ్ళనుంచి తెచ్చిన పచ్చి గింజలు సగం, అవే గింజలు మధ్యాహ్న భోజనం వంటింట్లో వేయించినవి సగం. పక్కన నీవి. నీ గింజల సంగతి నిన్నే అడుగుతానని, జవాబు చదివి వినిపిస్తానని క్లాసుకి మాటిచ్చాను. ఒక్క మాట రాయి నాన్నా. వేయించావా, లేదా? ఒక్క మాట అంటే ఒక్క మాటే.

బిందు

రాయగడ
ఆగస్టు 27

అమ్మీ,

వేయించాను.

ఒక్క మాట రాయమన్నావు, రాశాను. మిగతాది నువ్వు చదవకపోయినా ఫరవాలేదు గానీ నేను రాయకుండా ఉండలేను.

ఇనప మూకుడు సన్న సెగ మీద పెట్టి, రంగు తిరగకుండా, వాసన రాకుండా, చెయ్యి ఆపకుండా కలుపుతూ వేయించాను. మా నాన్న నేర్పిన పని అది. వానాకాలం దూరం వెళ్ళే సరుకుకి అలా చేస్తే ఏడాదైనా పురుగు పట్టదు. మన కొట్టు బొబ్బర్లు పుచ్చవని ఇంత పేరు రావడానికి సగం కారణం అదే. ఈ కిటుకు రఘుకి కూడా తెలియదు. నీ క్లాసులో పొట్లం విప్పగానే పురుగు బయటికొస్తే, గురుమా నాన్న పుచ్చు సరుకు పంపాడంటారని నా భయం.

వేయించిన గింజ మొలవదని నాకు తెలియదా? తెలుసు. చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కానీ ఆ రోజు చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నువ్వు విత్తనం అని రాశావు, నేను సరుకు అని చదువుకున్నాను. యాభై ఏళ్ళుగా నా చేతికి అవి సరుకే. ప్రాణం ఉన్నదాన్ని పట్టుకున్నానన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

నీ పన్నెండో తేదీ ఉత్తరం చూడగానే మూకుడు గుర్తొచ్చింది. మీ అమ్మ, "మూకుడు సంగతి సెప్పెయ్యండి, బిడ్డ అక్కడ బిక్కసచ్చి ఉంటాది" అంది. సిగ్గేసింది. నీళ్ళ మీదా, గాలి మీదా, పాపం ఆ దూది మీదా పెట్టాను. నేను ఆ రోజే రాసి ఉంటే నువ్వు వేరే గింజలు వెతుక్కునేదానివి, అధికారి ముందు అలా నిలబడేదానివి కావు. అందుకు నన్ను క్షమించు. క్లాసుకి కూడా చదువు. అందరికీ వినబడేలా చదువు. పేరుతో సహా చదువు. పొట్నూరు ఎర్రయ్య, రాయగడ, వేయించాడు.

లహరికి నా మాటగా చెప్పు, రంగు చూసి కాదు, పంటితో కనిపెట్టింది, అసలైన బేరగాడి పని అది. నా పళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయని వెనక బెంచీకి చెప్పు. రెండు తక్కువ.

సిగ్గుతోనూ, సంతోషంతోనూ
నాన్న

మాచ్‌ఖండ్
సెప్టెంబరు 9

నాన్నా,

మొత్తం చదివాను. ఒడియాలోకి మార్చి చదువుతుంటే లహరి పక్కన నిలబడి దేశియాలో చెప్పింది. మూకుడు దగ్గరికి వచ్చేసరికి చేతులు తిప్పి చూపించింది కూడా. నువ్వు క్షమించు అన్నచోట నేను ఆగిపోయాను. అది ఆగలేదు, ఆ మాట తనే పూర్తి చేసింది. చివర్న, "ముసలాయన ఆలస్యంగా చెప్పాడు గానీ నిజం చెప్పాడు" అని తీర్పిచ్చింది.

పచ్చివి ముప్పై ఎనిమిదిలో ముప్పై అయిదు మొలిచాయి. వేయించినవి సున్నా. నీవి సున్నా. ఆ మొలవని మూడు పచ్చి గింజలు ఎందుకు మొలవలేదన్నది ఇప్పుడు క్లాసులో పెద్ద గొడవ. నన్నెవరూ పాఠం చెప్పనివ్వడం లేదు. ముందు వాళ్ళ మాట అంటారు, నేను పుస్తకం మాట చెప్తాను, రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాస్తాం. వచ్చే నెల కప్పల పాఠం. ఎవరి పొలంలో గుడ్లున్నాయో అప్పుడే వెతికి పెట్టారు.

పెట్టె సర్దడం లేదు నాన్నా. దసరాకి సెలవులున్నన్ని రోజులే వస్తాను. ఈ మాట ఎవరికైనా చూపించుకో.

ఇంకో సంగతి. నీకు ఇక్కడ పేరు పెట్టారు. అజా అంటే తాతయ్య కదా. నువ్వు భజా అజావి. ఆయన్ని ఒకసారి తీసుకురమ్మని రోజూ ప్రాణం తీస్తున్నారు. వస్తావా?

బిందు

రాయగడ
సెప్టెంబరు 29

అమ్మీ, కాదు, గురుమా,

క్షేమంగా చేరాను. కోరాపుట్లో రైలు గంట ఆలస్యం. మీ అమ్మకి అంతా చెప్పాను. మళ్ళీ చెప్పమంది, మళ్ళీ చెప్పాను. ఇప్పుడు నీకు చెప్తున్నాను. నువ్వు అక్కడే ఉన్నావని నాకు తెలుసు, అయినా రాస్తాను, నా కళ్ళతో చూసింది నువ్వెలా చూస్తావు?

మీ స్కూలు మెట్లెక్కుతుంటేనే "భజా అజా! భజా అజా!" అని కేకలు. ఇద్దరు నా సంచీ లాక్కున్నారు, ఒకడు గొడుగు లాక్కున్నాడు. లహరి ముందుకొచ్చి, "పళ్ళు చూపించు" అంది. చూపించాను. లెక్కపెట్టింది. తక్కువ రెండు కాదట, నాలుగట. పరీక్ష చెయ్యకుండా నమ్మనంది. నీ శిష్యురాలే!

నన్ను ముందు బెంచీ మీద, చెవి బాగా పనిచేసే వైపు నీకు వచ్చేలా కూర్చోబెట్టారు. పాఠం మొదలైంది. విత్తనం పగిలాక ముందు బయటికొచ్చేదేమిటని అడిగావు. నాకు తెలుసనిపించింది. యాభై ఏళ్ళ బేరం! చెయ్యెత్తాను. పిల్లలంతా ఎత్తారు, అయినా నువ్వు నన్నే అడిగావు. లేచి నిలబడి, "ఆకు" అన్నాను, బజారంతా వినబడేలా.

పిల్లలు నవ్వారు. నువ్వు నవ్వలేదు. కూతురు నాన్నని చూసినట్టు చూడలేదు. "భుల్. బసంతు" అన్నావు.

తప్పు, కూర్చోండి.

మాటలొచ్చిన దగ్గర్నుంచీ నన్ను నువ్వు నువ్వు అన్న పిల్ల, మొదటిసారి 'కూర్చోండి' అంది. అదీ తప్పు చెప్పినందుకు! నా తప్పుని తప్పు అనడానికి నువ్వు వెనకాడలేదమ్మా. నాన్న కదా అని ఊరుకోలేదు. నాకు ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు, ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను.

తర్వాత లహరి వేరు అంది. ఒప్పుకున్నావు. అక్కడితో వదిలెయ్యకుండా, వేరే ఎందుకు ముందు రావాలి అని అడిగావు. చేతులు లేచాయి. కొన్ని కిటికీ పక్కనుంచి, కొన్ని నా వీపు వెనకనుంచి, ఒకటి నా తలకి తగిలింది. నేను ఈసారి ఎత్తలేదు. తెలియదు కదా, విందామని కూర్చున్నాను. ఒకడు నీళ్ళ కోసం అన్నాడు, ఒకతి నిలబడ్డానికి అంది, వాళ్ళలో వాళ్ళు దెబ్బలాడుకున్నారు, నువ్వు మధ్యలో నిలబడి "ఒక్కొక్కళ్ళు, ఒక్కొక్కళ్ళు" అని అరుస్తూ నవ్వుతున్నావు.

గంట కొట్టారు. పిల్లలంతా పరిగెత్తారు. బస్సు పోతుంది లే నాన్నా, లే, అని ఎందుకలా కంగారుపడ్డావు? నేను లేవలేదు. గురుమా కూర్చోమంది మరి.

నాన్న